ఆఖరి రీలు

నీహర్ మైదానంలో, మైళ్ళకొద్దీ ప్లాస్టిక్ కప్పుల కింద
టమాటాలు నిద్రపోతున్నాయి.
కాపలా మాది. నాదీ, బూషయీబ్‌దీ.
రాత్రి పన్నెండున్నరకి నీళ్ళ డ్రమ్ముకి ఫోను ఆనించి
నా తొమ్మిదో ఏటి సినిమా పెట్టాను.

మొదట పిడుగు. తర్వాత కత్తి.
కత్తంటే ఏం కత్తి!
అది కొండని చీల్చుకుని బయటికొస్తుంటే
మా వీధి పిల్లలందరి వెన్నులోనూ ఒక్కసారే జలదరింపు.
ఇప్పుడు చూస్తే అంచున వెండి రంగు పెచ్చులూడింది,
లోపల చెక్క.
"మంచి చెక్కే," అన్నాడు బూషయీబ్ గౌరవంగా.
అతను ఒకప్పుడు వడ్రంగి.

అప్పట్లో మేం దీన్ని గోడ మీద చూశాం,
ఎండాకాలం, నూనెమిల్లు వెనక, సున్నం కొట్టిన గోడ.
కుడివైపు ఒక పగులుండేది.
మాంత్రికుడు ఎప్పుడు అటు నడిచినా
ముఖం రెండుగా చీలి మళ్ళీ అతుక్కునేది.
అది కూడా వాడి మంత్రమే అనుకున్నాను, చాలా ఏళ్ళు.
ఇప్పుడు చీలడం లేదు.
మామూలు మనిషి, ముక్కు మీద పౌడరు.
ఈ సినిమా నాకేదో బాకీ పడ్డట్టుంది.

నలభై ఒకటో నిమిషంలో ఆపాను.
ఇదిగో, ఎడమ నుంచి మూడో సైనికుడు.
కొమ్ముల టోపీ, మేకతోలు,
ఎన్ని వేల ఏళ్ళ కిందటి వాడో ఎవరికి తెలుసు.
మణికట్టు మీద మాత్రం తెల్లటి పట్టీ,
గడియారం విప్పిన చోటు.
హినేస్! మా మాంసం కొట్టు హినేస్.
ఈ ఒక్క సినిమాలోనే ఐదుసార్లు చచ్చాడు.
రోజుకింత కూలి, గుర్రం మీంచి పడితే ఇంకొంచెం.
శనివారాలు కొట్లో జనం పల్చబడ్డాక
"ఒక్కసారి చచ్చిపోవా" అని బతిమాలేవాళ్ళం.
కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని,
రంపపు పొట్టు మీద దభాలున కూలేవాడు.
చివర్లో ఒక కాలు కాస్త తన్నుకునేది.
ఆ కాలు తన సొంత కల్పనట, డైరెక్టరు చెప్పింది కాదట.
అసలు చావు ఆసుపత్రిలో. అది మేం చూడలేదు.
తెర మీద కాలు తన్నుకుంది.
వెనక్కి జరిపి మళ్ళీ చంపాను.
ఈసారి బూషయీబ్ కూడా నవ్వాడు.

అతనూ చూశాడట, సముద్రానికి అవతల, నాడోర్‌లో,
పదేళ్ళప్పుడు.
మా మాంత్రికుడిది రేడియోలో సబ్బులమ్మే గొంతు.
వాళ్ళ వాడు ఫ్రెంచిలో శపించేవాడు,
సగం అర్థమయ్యేది కాదు, అందుకే మరీ భయం.
ఇంకో తేడా.
వాళ్ళ హాలుకి ఆఖరి రీలు రాలేదు.
వంతెన అంటుకోగానే దీపాలు వెలిగించి
ఇళ్ళకి పొమ్మన్నారు.
"అంటే మాంత్రికుడు..."
"చావలేదు. ఎలా చస్తాడు?"
అన్నేళ్ళుగా బతికే ఉన్నాడట.
పడవలో తమతోపాటే దాటాడట.
కాగితాల ఆఫీసులో మూడో కిటికీ వెనక కూర్చుంటాడట,
రేపు రమ్మంటాడట.
ఇదంతా నవ్వుతూనే చెప్పాడు.

వంతెన అంటుకుంది.
బూషయీబ్ లేచి టార్చి అందుకున్నాడు.
"నాలుగో వరస వాల్వు చూసొస్తా."
"ఇంకో తొమ్మిది నిమిషాలే కదా, కూర్చో."
చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక్కణ్ణే చూశాను.
ఎర్ర పొగ, ఒక అరుపు, నేల మీద ఖాళీ అంగీ.
ఇంతేనా?
నా తలలో ఇది తెల్లవార్లూ సాగేది.
అంగీ అంచుని ఎవరో దారంతో లాగుతున్నారు,
దారం మెరుస్తోంది.

అతనొచ్చేసరికి పేర్లు పడుతున్నాయి.
హినేస్ పేరు లేదు. మా ఊళ్ళో ఎవరి పేరూ లేదు.
తెర వంక చూడకుండా కూర్చుని
తడి చేతులు ప్యాంటుకి రాసుకున్నాడు.
"కారుతోంది. బిగించాను.
తెల్లారేలోగా మళ్ళీ వదులవుతుంది."

ఫోను బోర్లా పెట్టాను.
"వంతెన దగ్గరే ఆగిపోయింది," అన్నాను, "సిగ్నల్ పోయి."

"ఇక్కడెప్పుడూ ఇంతే," అన్నాడు బూషయీబ్.